బార్బారో: పంపిన చేతులు, అందుకొన్న చేతులు

అశ్వవైద్యం అనగానే మనకు విరాటుని కొలువులో గుర్రాలను సాకిన నకులుడు స్ఫురిస్తాడు. పరీక్షించేదీ అతడే, మాన్పేదీ అతడే. ఆధునిక కాలంలో ఆ విద్య పలువురి మధ్య పంచబడింది. నిత్యం గుర్రాన్ని చూసే వైద్యుడు ఒక హద్దు దాకా చికిత్స చేసి, ఆపైన నిపుణుల ఆసుపత్రికి పంపుతాడు. పంపడమంటే చేతులు దులుపుకోవడమే కదా అని అనుకొనేవారు అమెరికా పందెపు మైదానాల్లో జరిగిన రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది 1975 జులై 6న న్యూయార్కు బెల్మాంట్ పార్కులో జరిగింది. అంతవరకు ఓటమి ఎరుగని రఫియన్ అనే ఆడగుర్రానికి పరుగు నడుమ ముందరి కుడికాలు విరిగింది. ఆ రాత్రే శస్త్రచికిత్స చేశారు. మత్తు వదులుతుండగా, ఇంకా పందెంలోనే ఉన్నట్లు అది కాళ్ళు విదిలించి, వేసిన కట్టును బద్దలు కొట్టుకొంది. తెల్లవారకముందే సూదిమందుతో దాని బాధకు ముగింపు పలకవలసి వచ్చింది. శస్త్రచికిత్స ఎంత నేర్పుగా చేసినా, గుర్రం మేలుకొనే చోటు సరైనది కాకపోతే ఫలితం సున్న.

రెండవది 2006 మే 20. రెండు వారాల ముందే కెంటకీ డెర్బీ గెలిచిన బార్బారోకు బాల్టిమోరులోని పిమ్లికో మైదానంలో వెనుక కుడికాలు విరిగింది. ఎముక ఇరవైకి పైగా ముక్కలైంది. జాకీ ఎడ్గార్ ప్రాడో వెంటనే గుర్రాన్ని నిలిపి, దిగిపోయాడు. మైదానపు వైద్యులు కాలు కదలకుండా బద్దలు కట్టి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన న్యూ బోల్టన్ కేంద్రానికి తరలించారు. పత్రికలు శస్త్రవైద్యుణ్ణి కీర్తించాయి. తప్పు లేదు. కానీ విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకొని బయటికి వచ్చినా, దారిలో రక్తనాళాలు నలిగినా ఆయన చేయగలిగింది అత్యల్పం. నా దృష్టిలో ఆ బద్ద కట్టిన చేతులకే ముందు నమస్కరించాలి.

మరునాడు డాక్టర్ డీన్ రిచర్డ్‌సన్ ఐదు గంటలకు పైగా శ్రమించి లోహపు పట్టీని, 27 మరలను అమర్చాడు. ఆపైన గుర్రాన్ని కాళ్ళకు తొడుగులున్న రబ్బరు తెప్పలో ఉంచి, నీటికొలనులోకి దించారు. మత్తులో ఎంత తన్నుకొన్నా నీరే కదా తగిలేది! రఫియన్‌కు దక్కనిది ఇదే.

అయినా కథ అక్కడ ఆగలేదు. గుర్రం మనిషిలా మంచం పట్టి నెలల తరబడి కోలుకోలేదు. అర టన్ను బరువును మిగిలిన కాళ్ళే మోయాలి. జులైలో వెనుక ఎడమకాలికి లామినైటిస్ సోకింది, అంటే గిట్టను లోపలి ఎముకతో కలిపే పొరలు విడిపోసాగాయి. ఆ గిట్ట గోడలో ఎనభై శాతం తొలగించారు. విరిగిన కాలు అతుక్కొంటుండగా విరగని కాలు ప్రాణం మీదికి తెచ్చింది.

ఇంత బాధ పెట్టడం న్యాయమా అని నాడు చాలామంది ప్రశ్నించారు. ప్రశ్న సబబే. డెర్బీ గెలవని గుర్రమైతే, అంత ఖర్చు భరించే యజమానులు లేకపోతే, పిమ్లికోలోనే దాని కథ ముగిసేదేమో. ఏ గుర్రాన్ని పంపాలన్నది వైద్యుడొక్కడే నిర్ణయించేది కాదు.

లామినైటిస్ ముందరి కాళ్ళకూ పాకడంతో, 2007 జనవరి 29న బార్బారోను ఇక బాధపడనివ్వకుండా సాగనంపారు. దాని పేర ఆ వ్యాధిపై పరిశోధనకు విరాళాలు పోగయ్యాయి. చితాభస్మం డెర్బీ గెలిచిన చర్చిల్ డౌన్స్ ద్వారం వెలుపల ఉంది; టిక్కెట్టు లేనివారు కూడా వెళ్ళి చూడవచ్చు.