హ్యాంక్ విలియమ్స్‌కి గిటార్ నేర్పిందెవరు?

ఇవాళ హ్యాంక్ విలియమ్స్ గురించి మాట్లాడుకుందాం. 29 ఏళ్లకే చనిపోయాడు, ఇంచుమించు నా వయసు. కానీ అమెరికన్ కంట్రీ మ్యూజిక్ అనగానే ఇప్పటికీ ముందు వినిపించే పేర్లలో ఈయనదొకటి.

1923లో అలబామా రాష్ట్రంలో మౌంట్ ఆలివ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం, జీవితాంతం ఆ నొప్పే. తండ్రి 1930 నుంచి ఏళ్ల తరబడి ఆసుపత్రిలో ఉండిపోయాడు. తల్లి లిల్లీ చర్చిలో ఆర్గాన్ వాయించేది, బోర్డింగ్ హౌస్‌లు నడిపి పిల్లల్ని పెంచింది. అలా జార్జియానా, గ్రీన్‌విల్ అనే చిన్న టౌన్లలో పెరిగాడు.

అసలు కథ ఇక్కడుంది. ఆ వీధుల్లో గిటార్ వాయించి చిల్లర సంపాదించుకునే నల్లజాతి కళాకారుడు ఒకాయన ఉండేవాడు. పేరు రూఫస్ పేన్, అందరూ టీ-టాట్ అనేవాళ్లు. హ్యాంక్ ఆయన వెంటపడి కార్డ్స్, బ్లూస్ రిథమ్, దారిన పోయే జనాన్ని పాటతో ఆపడం నేర్చుకున్నాడు. బడి దగ్గర్నుంచి మంచినీళ్ల కుళాయి దాకా తెల్లవాళ్లకి వేరు, నల్లవాళ్లకి వేరుగా ఉన్న రోజులవి. అలాంటి చోట తెల్లబ్బాయికి నల్లాయన గురువు!

1937లో కుటుంబం మాంట్‌గోమరీకి మారింది. లోకల్ రేడియోలో పాడుతూ పేరొచ్చింది. మొదటి పెద్ద హిట్ 1947లో ‘మూవ్ ఇట్ ఆన్ ఓవర్’. దాన్ని కంట్రీ పాట అన్నారు గానీ, దాని చట్రం పక్కా 12 బార్ల బ్లూస్. 1949లో ‘లవ్‌సిక్ బ్లూస్’ 16 వారాలు నంబర్ వన్. (ఇది మాత్రం ఆయన రాసింది కాదు, 1922 నాటి పాట.) తను రాసిన ‘కోల్డ్, కోల్డ్ హార్ట్’ని 1951లో టోనీ బెనెట్ పాడితే పాప్ చార్టుల్లోనూ పైకెక్కింది.

తాగుడు ఎక్కువై 1952లో గ్రాండ్ ఓల్ ఆప్రీ అనే ఫేమస్ రేడియో షో ఆయన్ని తీసేసింది. 1953 జనవరి 1న, ఒహాయోలో ప్రోగ్రామ్‌కి వెళ్తూ కారు వెనక సీట్లోనే పోయాడు. మాంట్‌గోమరీలో అంత్యక్రియలకి వేలమంది వచ్చారు.

పేన్ అదే ఊళ్లో 1939లో చనిపోయాడు, కటిక పేదరికంలో. సమాధి మీద పేరు కూడా లేదు. స్మారక ఫలకం చాలా ఏళ్ల తర్వాత పెట్టారు. శిష్యుడు మొదటి రికార్డు చేసింది 1946లో, అంటే ఆయన ఒక్కటీ వినలేదు. ఆయన వాయించిన రికార్డింగ్ ఒక్కటీ మనకి దొరకలేదు. తనకి సంగీతం నేర్పింది పేనే అని హ్యాంక్ ఇంటర్వ్యూలో చెప్పాడు, అది మెచ్చుకోవాలి. కానీ మేం కోడ్ రాస్తే ఏ లైన్ ఎవరిదో గిట్‌లో తెలుస్తుంది. ఈ పాటల్లో ఏ ముక్క పేన్‌దో తేల్చే దారే లేదు. రికార్డు మీద పేరు లేనివాడికి రాయల్టీ కూడా రాదు కదా!

ఒక పని చేయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ‘మూవ్ ఇట్ ఆన్ ఓవర్’ వినండి, వెంటనే 1954 నాటి ‘రాక్ అరౌండ్ ద క్లాక్’ వినండి. ట్యూన్ ఎంత దగ్గరగా ఉందో కామెంట్స్‌లో చెప్పండి. ఉంటాను మరి, బై!