ఆవిరి సమ్మెట పుట్టుక

కమ్మరి కొలిమియొద్ద నాగలికర్రు సాగగొట్టుట మీరందఱును చూచియే యుందురు. ఒకడు ఎఱ్ఱని యినుమును పట్టుకారుతో దాకలిపై త్రిప్పుచుండ, వేఱొకడు సమ్మెట వేయును. కర్రునకు ఆ బలము చాలును. మఱి పెద్దయోడ యిరుసునకో?

ఇంగ్లండులో నీటిచక్రముచే లేచిపడు సమ్మెటలు పూర్వమే కలవు. వాని లోపమేమనగా, ఇనుము దళమైనకొలది సమ్మెట పడు నెత్తు తగ్గును. పెద్దదెబ్బ కావలసిన చోటనే చిన్నదెబ్బ పడును! 1839లో బ్రూనెల్ తలపెట్టిన ‘గ్రేట్ బ్రిటన్’ ఓడకు, ప్రక్కల నుండు తెడ్లచక్రముల యిరుసు చేయుటకు ఏ కర్మశాలయు నొప్పుకొనలేదట. ఆ సంగతి విని, మాంచెస్టరు చెంత యంత్రశాల నడపు జేమ్స్ నాస్మిత్ నవంబరు 24వ తేదిని తన చిత్తుపుస్తకములో నొక బొమ్మ గీసెను. దాకలికి నిట్టనిలువున పైన ఇనుపగొట్టము. అందు రోకలివలె ఆడు పిస్టను. దాని కొనను సమ్మెట. ఆవిరి దానిని పైకెత్తును. ఆవిరిని వదలిన, తన బరువుతో పడును. కొంత ఆవిరిని నిలిపియుంచినచో దెబ్బ మెత్తనగును. గాజుపాత్ర పగులకుండ అందలి కోడిగ్రుడ్డును మాత్రము చిట్లించి చూపెడివారు.

ఐనను ఆ యిరుసు పుట్టనేలేదు. ఓడకు తెడ్లచక్రములు మాని వెనుక మరచక్రము పెట్టిరి. బొమ్మ పుస్తకములోనే యుండెను. తాను లేనివేళ ఫ్రాన్సునుండి వచ్చిన ష్నైడరు, బూర్దోనులు దానిని చూచిపోయిరని నాస్మిత్ వ్రాసికొనెను. 1842లో అతడు వారి క్రూజో కర్మాగారమునకు పోగా, అచట ఆవిరిసమ్మెట పనిచేయుచుండెను! వెంటనే స్వదేశమునకు మరలి, జూనులో పేటెంటు పొందెను. ఊహ బూర్దోనుదేయని ఫ్రెంచివారి వాదము. నామట్టుకు, గీసినవానికి సగము, నిలిపినవానికి సగము కీర్తి నిత్తును.

1877లో అదే క్రూజోలో నూరుటన్నుల సమ్మెట పనికి దిగెను. అది నేడు ఆ యూరి మొగదల నిలిచియున్నది.