ఇన్-ఇయర్ మానిటర్లు, క్లిక్ ట్రాక్

ఇన్-ఇయర్ మానిటర్ అంటే వేదిక మీద పాడేవాళ్ళూ వాయించేవాళ్ళూ తమ శబ్దాన్నీ తోటివాళ్ళ శబ్దాన్నీ వినడానికి చెవి రంధ్రంలో అమర్చుకునే చిన్న స్పీకరు. క్లిక్ ట్రాక్ అంటే ప్రేక్షకులకు వినపడకుండా బ్యాండుకు మాత్రమే చేరే టిక్కు టిక్కుమనే చప్పుడు. పాట ఏ వేగంలో నడవాలో అది బీటు బీటుకూ చెబుతుంది. పెద్ద కచేరీల్లో ఈ రెండూ జంటగానే కనిపిస్తాయి కాబట్టి ఒకటి పెట్టుకుంటే రెండోదీ ఉండాల్సిందేనన్న అభిప్రాయం స్థిరపడింది. నిజానికి వీటి పుట్టుక వేరు, పని వేరు. మొదటిది వినికిడికి సంబంధించిన ఇబ్బందిని తీరుస్తుంది. రెండోది, ఎదుటివాళ్ళను వినలేని యంత్రంతో మనుషులు కలిసి వాయించాల్సి వచ్చినప్పుడు అక్కరకొస్తుంది. అందువల్ల హోరెత్తే వేదిక మీద ఇన్-ఇయర్ దాదాపు ఎప్పుడూ మంచిదే. క్లిక్ కావాలా వద్దా అన్నది మాత్రం పాటపాటకూ విడిగా తేల్చుకోవలసిన సంగతి.

1965 ఆగస్టులో న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ వాయించినప్పుడు యాభై అయిదు వేలకు పైగా జనం అరుస్తుంటే ఆ నలుగురికీ తమ పాట తమకే వినపడలేదు. ఆ కచేరీలో వేదిక వైపు తిప్పిన మానిటర్ స్పీకర్లు లేవు. ఆ తర్వాతి సంవత్సరాల్లో గాయకుల కాళ్ళ దగ్గర ఏటవాలుగా పెట్టే స్పీకర్లు వచ్చి ఆ కొరత తీర్చాయి గానీ ఇంకో చిక్కు తెచ్చాయి. స్పీకరు శబ్దం మళ్ళీ మైకులో దూరితే కూత మొదలవుతుంది. డ్రమ్స్ మోతను దాటి వినపడాలని గాయకుడు తన స్పీకర్ పెంచమంటాడు, అది విని గిటారిస్టు తనదీ పెంచమంటాడు. వేదిక మీద శబ్దం 100 డెసిబెల్స్ దాటడానికి ఎంతోసేపు పట్టదు. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర మిగిలేది 15 నిమిషాలు. రెండు గంటల కచేరీ వాయించే మనిషికి ఈ లెక్క ఏం చెబుతోందో వేరే వివరించనక్కర్లేదు. వాన్ హేలన్ బ్యాండుకు మానిటర్ ఇంజనీరుగా ఉన్న జెర్రీ హార్వీ 1990ల నడుమ డ్రమ్మర్ అలెక్స్ వాన్ హేలన్ కోసం ఇయర్‌ఫోన్లు తయారు చేసి, 1995లో అల్టిమేట్ ఇయర్స్ సంస్థను మొదలుపెట్టింది ఈ అవసరంలోంచే.

వినికిడి కాపాడటం ఒక్కటే ఇక్కడి లాభం కాదు. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది, అంటే మీటరు దూరానికి దాదాపు 3 మిల్లీసెకన్లు. పది మీటర్ల వేదికలో ఒక చివర ఉన్న కీబోర్డు వాద్యకారుడికి ఇంకో చివరి డ్రమ్ దెబ్బ 29 మిల్లీసెకన్లు ఆలస్యంగా అందుతుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ చేఫ్ బృందం ఇద్దరేసి మనుషులను విడివిడి గదుల్లో ఉంచి, మధ్యలో ఆలస్యాన్ని మారుస్తూ చప్పట్లు కొట్టించింది. ఆలస్యం సుమారు 11 మిల్లీసెకన్లు దాటాక జంటలు క్రమంగా నెమ్మదించాయి. అంతకన్నా బాగా తక్కువైతే వేగం పెంచాయి. కాబట్టి బ్యాండు వేగం జారిపోతోందంటే అది ప్రతిసారీ వాద్యకారుల లోపం కాదు; ఒకరి శబ్దం ఒకరికి ఎప్పుడు అందుతోందన్నది కూడా అందులో ఉంది. ఇన్-ఇయర్‌లో అందరి శబ్దమూ తీగల మీదుగా, మిక్సర్ మీదుగా, కొన్ని మిల్లీసెకన్లలోనే అందరికీ చేరుతుంది. లయ నిలవడం లేదని క్లిక్ కోసం వెతుక్కునే బ్యాండు ముందు చేయవలసింది ఒకరినొకరు సరిగ్గా వినే ఏర్పాటు. చాలాసార్లు ఆ తర్వాత క్లిక్ అవసరమే రాదు.

ఇన్-ఇయర్ మీద వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒంటరితనం. చెవులు మూసుకుపోతే జనం కేకలూ హాలు సందడీ అన్నీ ఆగిపోతాయి; పాడేవాడికి గదిలో ఒంటరిగా పాడుతున్నట్టుంటుంది. ఇది నిజమైన నష్టమే. దీనికి వేదిక అంచున జనం వైపు తిప్పి మైకులు పెట్టి, ఆ శబ్దాన్ని ఇన్-ఇయర్ మిశ్రమంలో కలపడం సరైన మందు. అయితే చాలామంది చేసేది ఒక చెవిలోది తీసేయడం, అది అన్నిటికన్నా చెడ్డ దారి. రెండు చెవులతో వింటే అదే శబ్దం ఎక్కువగా తోస్తుంది; ఒక్కదానితో సరిపెట్టుకునేవాళ్ళు ఆ ఒక్కదాని వాల్యూమ్ పెంచుతారు, తెరిచి ఉన్న రెండో చెవి వేదిక హోరంతా భరిస్తుంది. ఇంకో అభ్యంతరం, గొంతు తలలో మోగుతున్నట్టు ఉంటుందని. చెవి మూసినప్పుడు ఎముకల ద్వారా వచ్చే కింది స్థాయి శబ్దం బయటికి పోలేక లోపలే పెరుగుతుంది, అందుకే అలా అనిపిస్తుంది. గొంతుకు కొంచెం రెవర్బ్ కలిపి, కింది స్థాయిని తగ్గిస్తే, నాలుగైదు రిహార్సల్స్‌లో చాలావరకు అలవాటవుతుంది. చెవి అచ్చు తీసి చేయించినవి బయటి శబ్దాన్ని 20 డెసిబెల్స్‌కు పైగా ఆపగలవు, కానీ ఆ వెసులుబాటును వాడుకుని వాల్యూమ్ తగ్గించుకుంటేనే ప్రయోజనం. పరికరం దానంతటదే చెవిని కాపాడదు. అకస్మాత్తుగా వచ్చే పెద్ద శబ్దాన్ని అడ్డుకునే లిమిటర్ లేకుండా ఇన్-ఇయర్ వాడనే కూడదు. ఖర్చు మాటకొస్తే, కదలకుండా కూర్చునే డ్రమ్మరుకూ కీబోర్డు వాద్యకారుడికీ వైర్‌లెస్ అక్కర్లేదు. మిక్సర్ నుంచి ఒక తీగ, చిన్న హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ చాలు.

క్లిక్ కథ సినిమాలో మొదలైంది. 1920ల చివర వాల్ట్ డిస్నీ సంస్థలో కార్టూన్ బొమ్మల అడుగులకు సంగీతం అతకాల్సి వచ్చినప్పుడు, సంగీత దర్శకుడు కార్ల్ స్టాలింగ్ వంటివాళ్ళు వాద్యకారుల చెవికి టిక్కులు వినిపించే పద్ధతి తెచ్చారు. సెకనుకు 24 ఫ్రేములు నడిచే ఫిల్ములో 12 ఫ్రేములకు ఒక టిక్కు పెడితే నిమిషానికి 120 బీట్లు. బొమ్మ ఎవరి కోసమూ ఆగదు; కాబట్టి ఆర్కెస్ట్రాయే దాన్ని అనుసరించాలి. వేదిక మీదికి ఈ బంధం వచ్చినప్పుడూ కారణం అదే. ద హూ బ్యాండు 1971 నాటి ఆల్బమ్‌లోని సింథసైజర్ పాటలను కచేరీల్లో ముందే రికార్డయిన టేపుతో కలిపి వాయించేది. డ్రమ్మర్ కీత్ మూన్ హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆ టేపును వెంబడించేవాడు. తెలుగు సినిమా పాటల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. గాయకులూ ఆర్కెస్ట్రా కలిసి ఒకేసారి రికార్డు చేసిన పాతకాలపు పాటను మంచి ఆర్కెస్ట్రా క్లిక్ లేకుండా వేదిక మీద నిలబెట్టగలదు. కంప్యూటర్లో లయ ప్రోగ్రామ్ చేసి, పొరలు పొరలుగా పేర్చిన ఇప్పటి పాటను యథాతథంగా వినిపించాలంటే కొన్ని పొరలు ముందే రికార్డయిన ట్రాకులోంచే రావాలి. తెర మీది వీడియో, లైట్లు కూడా దానితోనే నడుస్తుంటే క్లిక్ తప్పదు.

క్లిక్ సంగీతాన్ని చంపేస్తుందనే వాదన పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు. మెట్రోనోమ్‌తో వాయిస్తున్న నిపుణుడైన డ్రమ్మర్‌ను జర్మనీలోని గటింగన్‌లో హోల్గర్ హెన్నిగ్ బృందం కొలిచినప్పుడు దెబ్బలు మామూలుగా 10 నుంచి 20 మిల్లీసెకన్ల మేర అటూ ఇటూ పడ్డాయి. క్లిక్ ఉన్నా మనిషి మనిషిలాగే వాయిస్తాడన్నమాట; కొంచెం వెనక పడే స్నేర్, కొంచెం ముందుండే హై-హ్యాట్ అలాగే ఉంటాయి. పోయేది అంతకన్నా పెద్ద కదలిక. రోలింగ్ స్టోన్స్ 1969 పాట ‘హాంకీ టాంక్ విమెన్’ మొదలైనప్పటికన్నా ముగిసేటప్పటికి వేగంగా ఉంటుంది. ఆ ఊపు ఆ పాటకు ప్రాణం. క్లిక్‌లోనూ వేగం మారేలా ముందే అమర్చవచ్చు, కానీ ఆ మార్పు నిన్న రాసి పెట్టిందే తప్ప ఈ రాత్రి జనాన్ని చూసి పుట్టింది కాదు. పౌరాణిక నాటకంలో పద్యం చివర నటుడు రాగం ఎంత సాగదీస్తాడో హార్మోనిస్టుకు ముందుగా తెలియదు, తెలియనక్కర్లేదు. వింటూ వెంట పోతాడు. కర్ణాటక కచేరీ ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టెను ఎప్పుడో ఒప్పుకుంది గానీ తాళాన్ని మాత్రం చేతిలోనే ఉంచుకుంది. శ్రుతి మారకూడదు. కాలప్రమాణం మాత్రం గాయకుడు ఎత్తుకున్న క్షణంలో నిర్ణయమవుతుంది. ఆలాపన, పద్యం, శ్రోతలతో మాట్లాడుతూ పాడే చరణం ఉన్నచోట క్లిక్ ఆపేయడమే మేలు.

క్లిక్ పెట్టుకోవలసి వచ్చినప్పుడు దాన్ని ఎలా పెట్టుకుంటారన్నది చాలా ముఖ్యం. కీచుమనే బీప్ అరగంటకే చెవిని అలిసిపోయేలా చేస్తుంది. చెక్కను తట్టినట్టుండే పొట్టి శబ్దం తక్కువ వాల్యూమ్‌లోనూ తెలుస్తుంది. నిమిషానికి 60 బీట్ల పాటలో టిక్కుకూ టిక్కుకూ మధ్య పూర్తి సెకను ఖాళీ, అందులో జారిపోవడం తేలిక, కాబట్టి మధ్యలో చిన్న టిక్కులు చేర్చాలి. మిశ్రచాపు పాటకు ఏడు ఒకే రకం టిక్కులు ఇస్తే లెక్క ఉంటుంది గానీ నడక ఉండదు. 3, 2, 2గా ఒత్తులు పడాలి. అందరికీ క్లిక్ ఇవ్వనక్కర్లేదు. డ్రమ్మర్ ఒక్కడూ విని, మిగతావాళ్ళు అతణ్ణి వింటే, బ్యాండు బ్యాండుగానే వినిపిస్తుంది. ట్రాకు నడిపే మీట కూడా అతని చేతి దగ్గరే ఉండటం మంచిది, ఎందుకంటే పాట ఎత్తుకునే క్షణం, ఆపే క్షణం అతనికే ముందు తెలుస్తాయి. గాయకుడు పొరపాటున ఒక చరణం దాటేస్తే ట్రాకు వినదు, తిరిగి రాదు. అప్పుడు డ్రమ్మర్ ట్రాకును వెంటనే ఆపేయాలి, మిగతావాళ్ళు అతని వేగంలోనే గాయకుడితో పాట పూర్తి చేయాలి. ల్యాప్‌టాప్ పాట మధ్యలో ఆగిపోయినా ఇదే పద్ధతి. అందుకే ట్రాకుతో వాయించే ప్రతి పాటనూ రిహార్సల్‌లో ఒక్కసారైనా ట్రాకు తీసేసి చివరిదాకా వాయించి చూసుకోవాలి.