సంఘం

‘సంఘం’ సంస్కృతం నుంచి వచ్చిన మాట. బౌద్ధ భిక్షువుల సమూహానికి ఆంధ్రదేశంలో ఎప్పటినుంచో ఉన్న పేరు. గ్రీకు ‘ఎక్లేసియా’కు తెలుగు బైబిలు దీన్నే ఎంచుకుంది. ఎంత చక్కని ఎంపిక! రెండు మాటల్లోనూ గోడలు లేవు, కూడిన మనుషులే ఉన్నారు. రోమా పత్రిక 16వ అధ్యాయంలో పౌలు వందనాలు చెప్పింది ప్రిస్కిల్ల, అకుల ఇంట్లో కూడే సంఘానికి. అండమాన్‌లో మాయాబందర్ దగ్గరి వెబి ఊరినే చూడండి: 1925లో బర్మా నుంచి వచ్చిన కరెన్ క్రైస్తవులు అడవి కొట్టి ఊరు కట్టుకున్నారు, తమ భాషలో ఆరాధననూ నిలుపుకున్నారు.

కొత్త సంఘం మొదలుపెడదామంటే, ఉన్న చర్చిలు చాలవా, కొత్తవి చీలికలు తేవా అని అడుగుతారు. అలిగి విడిపోతే అది చీలికే. పడవెక్కి, బస్సెక్కి చర్చికి రాలేని వాళ్ల మధ్య, వాళ్ల మాటలో మొదలైతే అది సంఘమే. స్థలం కోసం ఆగకండి, ముందు ఒక ఇంట్లో చాప పరవండి.