పాత పంటల జాతర: ఒక పరిశీలన
జాతరను గ్రామదేవతారాధనకే పరిమితం చేసి నిర్వచించడం జానపద పరిశోధనలో అలవాటైంది. జహీరాబాదు ప్రాంతపు పాత పంటల జాతర ఆ నిర్వచనానికి లొంగదు. 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాల సభ్యులు, అత్యధికులు దళితులు, సంక్రాంతి వేళ బయలుదేరి సుమారు నెల రోజులు ఎడ్లబండ్లతో ఊరూరా తిరుగుతారు. అలంకరించిన బండ్లపై దేవత ఉండవలసిన చోట జొన్న, కొర్ర, సామ, సజ్జ, కంది విత్తనాలుంటాయి. బండి ఆగిన ఊళ్లో పాట, ఆపై చర్చ: ఏ నేలకు ఏ గింజ, వాన తప్పితే ఏది నిలుస్తుంది. 1950లో ఆరంభమైన వనమహోత్సవం ప్రభుత్వం తలపెట్టినది. ఈ విత్తనమో బూడిద, వేపాకు కలిపి ఇంటి బుట్టలో దాచినది. సంస్థకు 2019లో ఈక్వేటర్ బహుమతి లభించింది. ఆ విత్తన విజ్ఞానంలో అధికభాగం మాత్రం నేటికీ వృద్ధ స్త్రీల నోటనే ఉంది. దేవతల పాటల దగ్గరే ఆగే సేకర్తకు అది అందదు.