యూనిట్‌కు అయిదు డాలర్లు

ఫ్రెస్నో ద్రాక్షతోటల ఊరు. అక్కడి రైతుబిడ్డలు బర్క్లీలోని యూనివర్సిటీ దాకా వెళ్లి చదవలేకపోయేవారు. అందుకే 1910లో ఊరి హైస్కూల్లోనే డిగ్రీ తొలి రెండేళ్ల పాఠాలు మొదలుపెట్టారు. కాలిఫోర్నియా జూనియర్ కాలేజీలకు అదే నాంది.

1960లో యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా అధ్యక్షుడు క్లార్క్ కెర్ చొరవతో రాష్ట్ర ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ వచ్చింది. హైస్కూలు దాటినవాళ్లలో పై ఎనిమిదో వంతుకు యూనివర్సిటీ, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీ, మిగిలిన అందరికీ జూనియర్ కాలేజీ. ఈ జూనియర్ కాలేజీల్లో మార్కులడిగేవారు కాదు, ట్యూషన్ ఫీజూ అడిగేవారు కాదు. పగలంతా గ్యారేజీలో గ్రీజు పూసుకున్నవాడు రాత్రి ఆల్జీబ్రా క్లాసులో కూర్చునేవాడు. పిల్లలు బడికి పోయే వయసొచ్చాక తల్లి నర్సింగులో చేరేది. రెండేళ్లు బాగా చదివితే బర్క్లీలో మూడో ఏడు. ఎంత గొప్ప రోజులవి!

ఆ కాలేజీలకు అన్నం పెట్టింది స్థానిక ఆస్తి పన్ను. దెబ్బ అక్కడే తగిలింది. 1970లలో ఇళ్ల ధరలు, వాటితో పన్నులు ఎగబాకాయి. పింఛను మీద బతికే ముసలివాళ్లు ఇల్లు పోతుందని హడలిపోయారు. వాళ్ల భయం వట్టిది కాదు. 1978 జూన్‌లో పన్నుల వ్యతిరేక ఉద్యమకారుడు హోవర్డ్ జార్విస్ ముందుండి నడిపిన ‘ప్రొపొజిషన్ 13’ అనే ప్రతిపాదన ఓటర్ల దగ్గర గెలిచింది: పన్ను ఇంటి విలువలో 1 శాతం దాటకూడదు, ఆ విలువ లెక్క ఏటా 2 శాతానికి మించి పెరగకూడదు. ఆ ఓటు వేసినవాళ్లలో ఈ కాలేజీల్లో పైసా కట్టకుండా చదువుకుని ఇల్లు కొనుక్కున్నవాళ్లు ఎందరుంటారో! నాకు మింగుడుపడనిది అదే.

స్థానిక పన్ను తగ్గిపోవడంతో ఇక కాలేజీల జుట్టు రాష్ట్ర రాజధాని శాక్రమెంటో చేతికి చిక్కింది. 1982లో కాలక్షేపం కోర్సులని పేరుపెట్టి 3 కోట్ల డాలర్లు కోశారు. 1984లో గవర్నర్ డ్యూక్‌మేజియన్ హయాంలో కోర్సును కొలిచే ఒక్కో యూనిట్‌కు 5 డాలర్ల ఫీజు పడింది. అయిదే! 1993లో అది 10, 2012కల్లా 46. పేదలకు మాఫీ ఉంది, మిగతా రాష్ట్రాలతో పోలిస్తే ఇప్పటికీ చౌకే, కాదనను. కానీ అడగకుండా తెరిచి ఉన్న తలుపు వేరు, దరఖాస్తు పెట్టుకుంటే తెరిచే తలుపు వేరు.

డబ్బు తగ్గేకొద్దీ పార్ట్‌టైం అధ్యాపకులు నిండారు. పొద్దున ఒక ఊరి కాలేజీ, మధ్యాహ్నం మరొకటి, రాత్రి ఇంకొకటి. కారే వాళ్ల స్టాఫ్‌రూం. ‘ఫ్రీవే ఫ్లయర్లు’ అని వాళ్లకు పేరు.

తర్వాత కోవిడ్‌తో ఈ కాలేజీల్లో లక్షల మంది చదువు మానేశారు. ఆన్‌లైన్ క్లాసుల్లోకి ఆర్థిక సాయం కాజేసే ముఠాలు దొంగపేర్లతో చొరబడ్డాయి. ఇప్పుడు సెమిస్టర్ మొదట్లో మాస్టారు చేసే పని జాబితాలో నిజమైన మనుషులెవరో ఏరుకోవడం.