కుక్క మార్కు ప్లేటు మీది బొమ్మ

గ్రామఫోను ప్లేట్ల మీద ఉండే కుక్కను మీరందరూ చూసే ఉంటారు. ఇత్తడి బాకా ముందు తల కాస్త పక్కకి వాల్చి కూర్చున్న తెల్లకుక్క. మా రాప్తాడులో పాతతరం వాళ్ళకు కంపెనీ పేరుతో పనిలేదు, ‘కుక్క మార్కు ప్లేటు’ అంటే చాలు. ఆ బొమ్మ కంపెనీ వాళ్ళు వ్యాపారం కోసం గీయించుకున్న గుర్తు అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది విక్టోరియా రాణి చివరి రోజుల్లో ఒక చిత్రకారుడు తన ఇంటి కుక్కను తలుచుకుని నూనె రంగుల్లో వేసిన చిత్రం. బొమ్మ వేసేటప్పటికి ఆ కుక్క చనిపోయి మూడేళ్ళయింది.

కుక్క పేరు నిప్పర్. ఇంటికొచ్చిన వాళ్ళ కాళ్ళు పట్టుకుని కరవబోయేదట, అందుకని ఆ పేరు. 1884లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పుట్టింది. టెర్రియర్ జాతి కలిసిన మామూలు కుక్క. దాన్ని సాకినాయన మార్క్ బరాడ్, నాటకశాలలో తెరలకు రంగులు వేసే మనిషి. ఆయన 1887లో పోయాడు. తర్వాత కుక్క తమ్ముడు ఫ్రాన్సిస్ దగ్గరికి చేరింది. ఇంటి పెద్ద పోతే ఆవునో ఎద్దునో తమ్ముళ్ళు తోలుకుపోయినట్టే అనుకోండి. ఫ్రాన్సిస్‌ది జంతువుల బొమ్మలు వేసే వంశం. తండ్రి, పెదతండ్రి ఇద్దరికీ అదే వృత్తి.

కుక్కకు అంత పెద్ద బొమ్మ ఎందుకని మనకు వింతగా ఉంటుంది. మనిళ్ళల్లో గోడకెక్కేది దేవుళ్ళు, పోయిన పెద్దలు. కుక్కకు అన్నం గడప బయటే. ఆ కాలం ఇంగ్లండులో మాత్రం కుక్క పటం వేయించుకోవడం గొప్పింటి మర్యాద. విక్టోరియా రాణి ముద్దుగా పెంచుకున్న డాష్ అనే కుక్కను ఎడ్విన్ లాండ్సీర్ అనే పేరుమోసిన చిత్రకారుడు 1836లో చిత్రించాడు. మరుసటేడు ఆయనే వేసిన ఇంకో బొమ్మ ఉంది. ఒక ముసలి గొర్రెల కాపరి చనిపోయాడు. గుడిసెలో శవపేటిక తప్ప మనుషులెవరూ లేరు, కాపరి కుక్క ఒక్కటే పెట్టె మీద గడ్డం ఆనించి ఉంది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది అది. రాణిగారి కుక్క కన్నా నాకు ఈ కాపరి కుక్కే దగ్గరగా అనిపిస్తుంది. ఎండిన చేలల్లో మంద వెనకాల నడిచే కుక్కలను రోజూ చూసే ఊళ్ళో ఉన్నాం కదా.

నిప్పర్ బొమ్మ మీద కూడా ఇలాంటి చావు కథే ఒకటి అల్లుకుంది. ఫ్రాన్సిస్ దగ్గర చనిపోయిన అన్న గొంతు రికార్డయి ఉందని, అది వినిపిస్తే కుక్క యంత్రం ముందుకొచ్చి కూర్చునేదని చెబుతారు. కుక్క కూర్చున్న నున్నటి చెక్క అన్న శవపేటికే అనేవాళ్ళూ ఉన్నారు. వింటే గుండె కరుగుతుంది కానీ లెక్క కుదరదు. మైనం మీద గొంతు రికార్డు చేసే ఎడిసన్ ఫోనోగ్రాఫు తయారైంది 1888లో. మార్క్ అంతకు ముందే పోయాడు. ఈ ఆలోచన ఉన్నట్టుండి తట్టిందని ఫ్రాన్సిస్ తర్వాత చెప్పాడే తప్ప అన్న మాట ఎత్తలేదు. అయినా బొమ్మకు ‘యజమాని గొంతు’ అని పేరు పెట్టింది ఆయనే. కుక్క నిజంగా ఎవరి గొంతు విందో గానీ, జనం మాత్రం పోయినవాళ్ళ గొంతునే విన్నారు.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. ఫ్రాన్సిస్ 1898లో వేసిన బొమ్మలో కుక్క ముందున్నది గ్రామఫోను కాదు, ఫోనోగ్రాఫు. రెండూ ఒకటేనని మనకనిపిస్తుంది కానీ చాలా తేడా ఉంది. ఫోనోగ్రాఫులో మైనపు గొట్టం తిరుగుతుంది. దాంట్లో పాట వినొచ్చు, మన మాట మనమే రికార్డు చేసుకోనూ వచ్చు. తల్లి జోలపాట, బిడ్డ ముద్దుమాట అందులో దాచుకోవచ్చు. పళ్ళెం తిరిగే గ్రామఫోనుకు ఆ సదుపాయం లేదు. కంపెనీ పంపిన ప్లేటు పెట్టుకుని వినడమే.

బొమ్మను రాయల్ అకాడమీ వాళ్ళు తీసుకోలేదు. ఎడిసన్ యంత్రాలమ్మే కంపెనీ వాళ్ళూ వద్దన్నారు. నల్లటి బాకా బదులు మెరిసే ఇత్తడి బాకా పెడితే బాగుంటుందని, ఒకటి బదులడగడానికి ఫ్రాన్సిస్ లండన్‌లోని గ్రామఫోన్ కంపెనీకి వెళ్ళాడు. అక్కడి మేనేజరు విలియం బారీ ఓవెన్ బొమ్మ చూసి, ఫోనోగ్రాఫు చెరిపేసి మా గ్రామఫోను వేస్తే కొంటానన్నాడు. బొమ్మకు 50 పౌన్లు, హక్కులకు 50 పౌన్లు. 1899లో బేరం తెగింది. ఫ్రాన్సిస్ పాత యంత్రం మీద రంగు పూసి కొత్తది వేశాడు. ఇంటివాళ్ళ గొంతు దాచుకోగలిగిన పెట్టె పోయి, కొని వినాల్సిన పెట్టె వచ్చింది.

ఆ పెట్టే మన దేశానికి వచ్చింది. 1902 నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలు రికార్డు చేశాడు. పాట చివర ఆమె ఇంగ్లీషులో ‘నా పేరు గౌహర్ జాన్’ అని చెప్పేది. ప్లేట్లు తయారయ్యేది జర్మనీలోని హనోవర్‌లో కాబట్టి అక్కడివాళ్ళు పోల్చుకోవడానికని అంటారు. అప్పటికి ప్లేటు మీద రాస్తున్న దేవదూత బొమ్మ ఉండేది, కుక్క వచ్చింది 1909లో. కలకత్తాలోనే ఫ్యాక్టరీ పెట్టింది 1908లో. ఇంకో ముచ్చట, ఆ నల్లటి ప్లేట్లలో కలిపేది లక్క. మన చేతి గాజుల లక్కే, మన అడవుల లక్కే. విదేశాలకు పోయి పాటై తిరిగొచ్చేది.

తొలి రోజుల్లో పాడిన ఆడవాళ్ళు ఎక్కువగా పాటే వృత్తిగా ఉన్న కుటుంబాల వాళ్ళు. దక్షిణాదిలో బెంగళూరు నాగరత్నమ్మ, సేలం గోదావరి అలాంటివాళ్ళే. వాళ్ళను గొప్పిళ్ళవాళ్ళు చిన్నచూపు చూస్తూనే, వాళ్ళ ప్లేట్లు కొని నట్టింట్లో పెట్టుకుని విన్నారు. సంసారం చేసుకునే ఆడది బయట గొంతెత్తకూడదు. తర్వాత వింజమూరి అనసూయ, సీత అక్కచెల్లెళ్ళు పల్లెపాటలు పాడి వేదికలకు, రికార్డులకు తెచ్చారు. చాలా పాటలు అలా దక్కాయి. కానీ అవి పాడింది వాళ్ళు. ఏ విసుర్రాయి దగ్గరో మొదట పాడిన అవ్వ గొంతు ఎక్కడా లేదు.

తొలకరి ముందు విత్తనానికి శెనక్కాయలు ఒలిచే రోజుల్లో మా అవ్వ పాడేది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, ఒడి నిండా బుడ్డలు, ఎండకు వేడెక్కిన పంచ. వానదేవుణ్ణి బతిమాలే పాటలు కొన్ని, అత్తను దెప్పే పాటలు చాలా. బొటనవేలు నొప్పెక్కినప్పుడల్లా పాట ఆగేది, మళ్ళీ అందుకునేది. ఇంట్లో వాళ్ళకది పనిలో భాగం, రోకటి చప్పుడు లాంటిదే. అవ్వది ఒక ఫోటో మాత్రం ఉంది, దండ వేసి. అందులో నోరు గట్టిగా బిగించుకుని కూర్చుంది. ఆమె అసలు అలా ఉండేది కాదు. మా పిల్లలు ఆ ఫోటో చూసి, అవ్వ చాలా కోపిష్టా అని అడుగుతారు.

ఫ్రాన్సిస్ బరాడ్ ఆ తర్వాత కంపెనీ కోసం అదే బొమ్మకు నకళ్ళు వేస్తూ పోయాడు. 1924లో చనిపోయేలోపు మొత్తం 24 వేశాడు. కంపెనీ చివరి ఏళ్ళలో పింఛను ఇచ్చింది. నిప్పర్‌ను పాతిపెట్టిన చోట, లండన్ పక్కనున్న కింగ్‌స్టన్‌లో, ఇప్పుడొక బ్యాంకు ఉంది. మన దేశంలో ఆ కంపెనీ 2000లో సరిగమ అని పేరు మార్చుకుంది. మొదటి బొమ్మలో మాత్రం, వెలుగు వాలుగా పడేట్టు చూస్తే, గ్రామఫోను రంగు కింద పాత ఫోనోగ్రాఫు ఆనవాళ్ళు ఇంకా కనిపిస్తాయట.